లోపలి టైము, బయటి టైము

చలిలో కాలం నెమ్మదిగా నడుస్తుందని నమ్మిన వాణ్ణి నేను. ఊరికే నమ్మి ఊరుకుని ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. నమ్మకాలు అందరికీ ఉంటాయి, పప్పులో ఇంగువలాగా కొంచెం కొంచెం. నేను మాత్రం నా నమ్మకాన్ని ఇంకొక మనిషి మీద ప్రయోగించాను, అదీ మైనస్ ఇరవై డిగ్రీల గదిలో. తెలుగులో ‘కాలం చేయడం’ అంటే చనిపోవడం. ఆ రోజు నేను కాలం గురించి ఆలోచిస్తూ కూర్చుని, తలుపు అవతల ఉన్న స్నేహితుడి చేత కాలం చేయించబోయాను.

చదువు లేక అలా అయిందని చెప్పుకోవడానికీ లేదు. ఐటీఐలో రిఫ్రిజరేషన్ చదివాను. చిత్తూరుకూ తిరుపతికీ మధ్య ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆపరేటరుగా చేరి, అక్కడే రిటైరయ్యాను. మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, “ఫ్రిజ్జు చదువు చదివి బుర్రను దాంట్లోనే పెట్టి మర్సిపోయినావు” అని.

కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలకు మా పని ఏమిటో రెండు ముక్కల్లో చెప్పాలి. చలి అనే సరుకు ఈ లోకంలో లేదు. ఉన్నది వేడి ఒక్కటే. గదిలోని వేడిని తోడి బయట పారబోస్తే, మిగిలినదాన్ని చలి అంటాం. బావిలో నీళ్ళు తోడినట్టు మేము అమోనియాతో వేడిని తోడేవాళ్ళం. తోడటం ఆపితే వేడి తనంతట తానే లోపలికి వచ్చేస్తుంది. చలి మాత్రం ఎన్నడూ పిలవకుండా రాదు, నా అల్లుడిలాగా.

జూన్ వస్తే తోతాపురి కాయల లారీలు గేటు నుంచి రోడ్డు మలుపు దాకా వరుస కట్టేవి. కాయలు మాగబెట్టి, గుజ్జు తీసి, కొంత డబ్బాలకు పంపి, కొంత డ్రమ్ముల్లో పోసి గడ్డకట్టించి ఫ్రీజరు గదిలో పెట్టేవాళ్ళం. ఆ గది నా చేతి కింద ఉండేది. నిజానికి నేనే దాని చేతి కింద ఉండేవాణ్ణి.

అమోనియా అంటే మా అందరికీ భయమే. కానీ అది మర్యాదస్తురాలు. వచ్చే ముందు వాసన పంపుతుంది, కళ్ళు మండిస్తుంది, పరిగెత్తమని చెబుతుంది. ఫ్రీజరు గది భయం వేరు. అది ఏమీ చెప్పదు. జానెడు మందం తలుపు మూసుకోగానే ఫ్యాన్ల హోరు తప్ప ఇంకో శబ్దం ఉండదు. ముందు ముక్కులో వెంట్రుకలు గట్టిపడతాయి. తర్వాత రెప్పలు అంటుకుంటాయి. వేళ్ళు నొప్పి పెడతాయి. ఆ తర్వాత కొంతసేపటికి నొప్పి పోయి హాయిగా ఉంటుంది. ఆ హాయి వచ్చిందంటే మనిషి పోతున్నాడని అర్థం. ఇది నాకు చేరిన రోజే చెప్పారు. ఆ గది గుర్తొస్తే ఇప్పటికీ మే నెల మధ్యాహ్నం నా అరిచేతులు చల్లబడతాయి.

అందుకే అక్కడ ఒక పద్ధతి ఉండేది. లోపలికి ఒక్కరే పోకూడదు; ఒకరు లోపల పని చేస్తుంటే ఒకరు బయట తలుపు దగ్గర కాపలా. తలుపులో అరచేయంత అద్దం ఉండేది. లోపల, అద్దానికి ఎదురు గోడ మీద గడియారం, లోపలి మనిషికీ బయటి మనిషికీ ఇద్దరికీ కనబడేలా. పెద్దముల్లు పన్నెండు మీద ఉన్నప్పుడే లోపలికి పోవాలి. ముల్లు ఆరు మీదికి వచ్చేసరికి బయట ఉండాలి. చలిలో బుర్ర లెక్కలు మర్చిపోతుంది కాబట్టి లెక్క అక్కర్లేని పద్ధతి అన్నమాట. ముల్లు కిందికి తిరిగితే మనిషి బయటికి తిరగాలి, అంతే.

ఈ గడియారం ఆకుపచ్చ అంచున్న మామూలు ప్లాస్టిక్ గడియారం. తగిలించే కొక్కెం విరిగిపోతే మా ఫిట్టరు భాయ్ రాగి తీగ మెలిపెట్టి ఉంగరం చేసి వెనక బిగించాడు. భాయ్ వాళ్ళది చిత్తూరులో తాతల నాటి నుంచి రేకు పని చేసే ఇల్లు. పైపులో ఎక్కడైనా గ్యాసు సన్నగా జారుతుంటే ముందు ఆయన వేళ్ళకే తెలిసేది. సంపాదన అంతా ఆ పది వేళ్ళలోనే ఉందని ఆయనే అనేవాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద. అయినా నన్ను ‘అబ్బా’ అనీ, కోపమొస్తే ‘ఏమప్పా పెద్దమనిషీ’ అనీ పిలిచేవాడు.

ఇంకొకాయన ల్యాబు సారు. గుజ్జులో తీపి ఎంత, పులుపు ఎంత అని చూసే ఉద్యోగం. ఫిజిక్సులో పెద్ద చదువు చదివాడు. లెక్చరరు కావాల్సినవాడు మామిడికాయల పాలైనాడు. పాఠం చెప్పాలన్న కోరిక మాత్రం చావలేదు. టీ గ్లాసు చేతిలోకి రాగానే క్లాసు మొదలు. పిల్లలు లేని ఆ క్లాసుకు నేనే పిల్లవాణ్ణి.

ఒక రోజు పొద్దున చూస్తే ఫ్రీజరులోని గడియారం వెనకబడి ఉంది. సరిచేశాను. మర్నాడు మళ్ళీ వెనకబడింది. కొత్త సెల్లు వేశాను. అయినా అంతే. బయటికి తెచ్చి బల్ల మీద పెడితే బుద్ధిగా నడిచేది. లోపల తగిలిస్తే మళ్ళీ మందగించేది. టీ వేళ సారును అడిగాను.

“గడియారం కరెక్టే,” అన్నాడాయన టీ ఊదుకుంటూ. “టైమే స్లో అయింటాది.”

“ఎట్ల సార్?”

“టైమంటే ఏంది? ఏదో ఒకటి కదిల్తే కదా టైమని తెలిసేది. సూర్యుడు కదలాల, ముల్లు కదలాల, నీ గుండె కదలాల. పదార్థంలో అణువులు నిలకడ లేకుండా ఆడతా ఉంటాయి. ఆ ఆట పేరే వేడి. నువ్వు వేడి తోడేస్తే ఆట మందగిస్తాది. ఆట మొత్తం నిల్చిపోయిన చోట టైముకి ఏం పని ఉండాది, చెప్పు?”

పక్కన ఉగ్గాని తింటున్న భాయ్ తల ఎత్తాడు. “సార్, అట్లయితే మా బావమర్దిని తెచ్చి ఆడ కూర్సోబెడ్దామా? అప్పు అడిగే వయసు రాకముందే ఆపేస్తాం.”

“నవ్వొద్దు భాయ్. జూన్‌లో పోసిన గుజ్జు డిసెంబర్లో తీస్తే ఎట్లుంటాది? జూన్‌లో ఉన్నట్టే ఉంటాది. మధ్యలో ఆర్నెల్లు అది చూళ్ళేదు. అంటే ముందుకి ప్రయాణం చేసినట్టే కదా? టైం మెషీను యాడో లేదు, మన చేతిలోనే ఉండాది.”

ఆయన కళ్ళలో నవ్వు ఉందో లేదో టీ ఆవిరిలో నాకు కనబడలేదు.

ఆ వారంలోనే శ్రీహరికోట నుంచి రాకెట్టు లేస్తుందంటే అందరం మిద్దె ఎక్కాం. ఆకాశం తేటగా ఉంటే తూర్పున ఒక నిప్పుకణిక పైకి పాకడం మా ఫ్యాక్టరీ మిద్దె మీదికీ కనిపిస్తుంది. సారు దాన్ని చూపించి, మహా వేగంగా పోయేవాటిలో గడియారాలు నెమ్మదిస్తాయనీ, అది కొలిచి చూసిన నిజమనీ చెప్పాడు. అది నిజమే. ఆ నిజాన్ని తెచ్చి నేను ఫ్రీజరులో పెట్టుకున్నాను. వేగానికి నెమ్మదించే కాలం చలికి మాత్రం ఎందుకు నెమ్మదించదు? పైగా నాకు మాటల పిచ్చి. చలి, చలనం. చలి ఎక్కువైతే చలనం తక్కువ. సిద్ధాంతం తెలుగు భాషలోనే దాగి ఉందని పొంగిపోయాను. మీరు కూడా ఎప్పుడైనా ఒక మాట ముచ్చటగా కుదిరిందని దాన్ని నిజమనుకునే ముందు నన్ను తలుచుకోండి.

అప్పటి నుంచి నేను ప్రచారకుణ్ణి. ఫ్రీజరు డ్యూటీ చేసేవాళ్ళు త్వరగా ముసలివాళ్ళు కారని హమాలీలకు చెప్పేవాణ్ణి.

“అట్లయితే నీకు పదేండ్లు తగ్గి ఉండాల కదబ్బా,” అన్నాడు భాయ్. “మీసమెందుకు నెరిసింది?”

“నేను పొద్దస్తమానం బయట కాపలానే కదా భాయ్. లోపల ఉండేది నువ్వు. నువ్వే పడుచువాడివి.”

ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాలుక కరుచుకుంటాను.

ఆ రోజు మధ్యాహ్నం ఫ్రీజరు లోపల ఒక ఫ్యాను గీరుకుంటున్న శబ్దం మొదలైంది. పైపుల మీద మంచు పేరుకుని రెక్కలకు తగులుతోంది. సీజను నడుమ గది ఖాళీ చేసే వీలు లేదు. భాయ్ స్వెట్టరు మీద కోటు వేసుకుని, చిన్న ఇనుప కడ్డీ తీసుకుని, పెద్దముల్లు పన్నెండు మీద ఉండగా లోపలికి పోయాడు. పోతూ పోతూ, “తలుపు కాడ కునుకు తీయొద్దు పెద్దమనిషీ,” అన్నాడు. నేను బయట స్టూలు వేసుకుని కూర్చున్నాను.

మంచు చెక్కుతున్న చప్పుడు తలుపులోంచి సన్నగా వినబడేది. కాసేపటికి కరెంటు పోయింది. లోపల దీపం ఆరింది.  వెంటనే జనరేటరు అందుకుంది. దీపం వెలిగింది, ఫ్యాన్లు తిరిగాయి, చెక్కుడు చప్పుడు మళ్ళీ మొదలైంది. అంతా సరిగ్గా ఉందనుకున్నాను. ఒక్కటి సరిగ్గా లేదు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ గడ్డకట్టకుండా దాని కింద సన్నటి హీటరు తీగ ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు దాని స్విచ్చి పడి హీటరు ఆగిపోయింది. అది నేను చూడలేదు. నా చూపంతా గడియారాల మీద ఉంది.

నా చేతి గడియారంలో అరగంట దాటింది. లేచి అద్దంలోంచి చూశాను. లోపలి గడియారంలో పెద్దముల్లు ఇంకా మూడు మీదే ఉంది.

ఇక్కడ నేను చేసిన పని నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. ఆ గడియారం వెనకబడుతుందని నాకు తెలుసు. ప్రతి పొద్దున దాన్ని సరిచేసేది నేనే. తెలియని మనిషి అయితే, గడియారం పాడైందనుకుని తలుపు తీసి భాయ్‌ని పిలిచేవాడు. నేను తెలిసిన మనిషిని. బయట అరగంట అయితే అయింది గాక, లోపల ఉన్నవాడికి లోపలి టైమే కదా లెక్క అనుకున్నాను. భాయ్ ఒంటికి ఇంకా పావుగంటే గడిచింది. ముందే పిలిస్తే పని సగంలో ఆగుతుంది. ‘ఆరుకు పిలవాల్సినోడివి మూడుకే ఎందుకు పిలిచినావు’ అని సాయంత్రం దాకా ఆటపట్టిస్తాడు. ఇదీ నా తర్కం. కాలయంత్రం నా ఎదురుగా నడుస్తోందని ఒక పక్క సంతోషం కూడా.

అద్దం మీద తట్టాను. భాయ్ తిరిగి చూసి, చేత్తో గోడ గడియారాన్ని చూపించి, ఇంకా ఉందిలే అన్నట్టు సైగ చేశాడు. ఆయనకు కనిపించే టైము అదే మరి. లోపలున్న మనిషే సాక్ష్యం చెప్పాక ఇంకేం కావాలి? మళ్ళీ పోయి స్టూలు మీద కూర్చున్నాను.

తర్వాత చెక్కుడు చప్పుడు ఆగిపోయింది.

పని అయిపోయి ఉంటుంది, వస్తాడనుకున్నాను. రాలేదు. అద్దం దగ్గరికి పోతే బయటి వైపు మంచు కమ్మి ఏమీ కనబడలేదు. చొక్కా చేత్తో తుడిచాను. ముందు కనబడింది గడియారమే. సెకండ్ల ముల్లు ఒక అడుగు పైకి వేయబోయి వెనక్కి పడుతోంది. మళ్ళీ వేయబోతుంది, మళ్ళీ అక్కడే పడుతుంది. కాలం నెమ్మదించడం కాదది. కాలు విరిగిన పురుగు గోడ ఎక్కలేక కొట్టుకోవడం. పెద్దముల్లు మూడు దాటి కొంచెం కిందికి దిగి అక్కడే ఉంది. మా ఇద్దరికీ అది ఎంతసేపటి నుంచి అబద్ధం చెబుతోందో అప్పుడు తెలిసింది.

దాని కింద, డ్రమ్ముల అడుగున వేసే చెక్క పలక మీద, భాయ్ కూర్చుని ఉన్నాడు. మంచు చెక్కేటప్పుడు పడిన తుంపర ఒంటి మీద గడ్డకట్టి కోటు తెల్లగా మెరుస్తోంది. ఆయన ఆ కోటు విప్పుతున్నాడు. తొందరేమీ లేదు. ఎండలో నడిచి ఇంటికి వచ్చిన మనిషి ఫ్యాను కింద కూర్చుని బొత్తాలు తీసుకున్నట్టు తీస్తున్నాడు. కోటు పక్కన పెట్టి, స్వెట్టరు అంచు పట్టుకుని పైకి లాగాడు. ముఖంలో నవ్వులాంటిది ఉంది. నా వైపు చూశాడు, నన్ను చూడలేదు.

హాయి వచ్చేసింది.

తలుపు లాగాను. రాలేదు. రెండు కాళ్ళు గోడకు తన్నిపెట్టి లాగాను. హీటరు ఆగిన తలుపు చుట్టూ మంచు అంటుకుని గోడా తలుపూ ఒకటైపోయాయి. లోపలి నుంచి నెట్టే గుండీ ఉంది కానీ, నెట్టే మనిషి స్వెట్టరు విప్పుకుంటున్నాడు. నేను అరిచిన అరుపుకు నాకే నా గొంతు తెలియలేదు. ఏమని అరిచానో గుర్తులేదు. పరుగెత్తుకొచ్చినవాళ్ళు తర్వాత చెప్పారు, భాయ్ పేరు కాకుండా, “టైము, టైము” అని అరిచానట.

అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది ల్యాబు సారే. అది కూడా రాయకపోతే అన్యాయం అవుతుంది. తలుపు చూశాడు, నన్ను చూశాడు, వెనక్కి పరిగెత్తాడు. నన్ను వదిలి పారిపోతున్నాడనుకున్నాను. క్యాంటీను నుంచి సాయంత్రం షిఫ్టుకు కాచిన టీ డ్రమ్మును ఇద్దరు హమాలీలతో మోయించుకొచ్చాడు. చెంబుతో మరుగుతున్న టీ ముంచి తలుపు అంచుల వెంట పోశాం. ఏలకుల వాసన, ఆవిరి, పగులుతున్న మంచు. చేతులు కాలాయి. ఎవరికీ తెలియలేదు. నలుగురం కలిసి లాగితే తలుపు గుడ్డ చింపినట్టు చప్పుడు చేసి ఊడి వచ్చింది.

భాయ్ ఒళ్ళు పట్టుకుంటే మనిషిని పట్టుకున్నట్టు లేదు. డ్రమ్మును పట్టుకున్నట్టు ఉంది. “ఉడకబోస్తా ఉండాది అబ్బా,” అన్నాడు, నాలుక తిరగక. 

చిత్తూరులో ఆసుపత్రి వరండాలో భాయ్ భార్య నా పక్కన కూర్చుంది. ఏడవలేదు. ఒకటే అడిగింది. “నువ్వు బయటే ఉండావు కదన్నా?”

నింద కాదది. నేను బయట ఉన్నానంటే ఆయనకు ఏమీ కాదని ఆమె ఎప్పుడూ అనుకునేది. అదే అడిగింది. నేను తల ఊపాను. ఆమె కొంగు సర్దుకుని మళ్ళీ తలుపు వైపు చూసింది. అంత భయం నేను ఆ ఫ్రీజరు తలుపు దగ్గర కూడా పడలేదు. అక్కడ కనీసం లాగడానికి ఒక పిడి ఉంది.

లేచి, వరండా చివర నిలబడి ఉన్న సారు దగ్గరికి పోయాను.

“సార్, వెనక్కి పోయే దారి ఏమన్నా ఉండాదా?”

ఏ దారి అని ఆయన అడగలేదు. వేరే రోజైతే పాఠం మొదలయ్యేది. ఆ రోజు ఆయన చేతిలో టీ గ్లాసు లేదు. కాలిన చేతికి పట్టీ ఉంది.

“సూత్రాల్లో అయితే అడ్డమేమీ లేదప్పా. రెండు అణువులు గుద్దుకునేది వెనక నుంచి ముందుకి చూసినా ఒకటే. కానీ మనం పోసిన టీ ఉండాది కదా. దాని వేడి తలుపుకి పోయింది, గోడకి పోయింది, గాలికి పోయింది. దాన్నంతా ఏరి మళ్ళీ డ్రమ్ములోకి ఎవరు పొయ్యగలరు? శక్తి నాశనం కాదు. చెదిరిపోతాది. చెదిరింది తనకు తానుగా మళ్ళీ ఒక చోటికి చేరదు. నీకు నేను చెప్పాల్నా, వేడి తోడేవాడివి.”

“ఒక్క మధ్యాన్నం చాలు సార్. పావుగంట చాలు.”

“పోయినావనుకో. ఆ మధ్యాన్నంలో నువ్వు ఇప్పటికే ఉండావు, స్టూలు మీద. ఇంకో నువ్వు వస్తే ఆ పదార్థం యాడిది? ఇప్పుడు నీ ఒంట్లో ఉండే నీళ్ళు అప్పుడు కుండలో ఉండాయి. రేపు నువ్వు తినే బియ్యం అప్పుడు మూటలో ఉండాది. ఒకే గింజ మూటలోనూ నీ కడుపులోనూ ఉండలేదు కదా. ఈ లోకంలో ఉండేదంతా యాడో ఒక చోట పనిలో ఉండాది. నీకోసం ఇంకో నిన్నను చేసేదానికి సరుకు లేదు.”

కాలప్రయాణం గురించి నేను ఆ తర్వాత చాలా వీడియోలు చూశాను, పుస్తకాలు తిరగేశాను. రకరకాల దారులు చెబుతారు. నాకు మాత్రం ఆ వరండాలో విన్న మాటకు మించి ఏదీ నచ్చలేదు. ఎందుకంటే అది విన్నాక నేను ‘వెనక్కి’ అనుకోవడం మానేసి, లోపలికి పోయి భాయ్ కాళ్ళు రుద్దుతూ కూర్చున్నాను.

ఆయన బతికాడు. వేళ్ళు కూడా నిలిచాయి, కానీ కుడిచేతి రెండు వేళ్ళ కొసలకు స్పర్శ తిరిగి రాలేదు. గ్యాసు జారితే వాటికి తెలియదు. ఆయన మళ్ళీ పనిలోకి వచ్చిన రోజు పైపు మీద ఆ వేళ్ళు పెట్టి, కాసేపు ఆగి, వాటిని తీసి ఎడమ చేతి వేళ్ళు పెట్టాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు. నేను చూశాను.

ఇక విచారణ. మేనేజరు గదిలో నన్ను నిలబెట్టి, టైము దాటిందని తెలిసి ఎందుకు పిలవలేదని అడిగారు. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. చలికి అణువులు నెమ్మదిస్తాయి, కాబట్టి కాలం నెమ్మదిస్తుంది, కాబట్టి లోపలి టైము వేరు. చెబుతుంటేనే గదిలో అందరి ముఖాలు మారిపోయాయి. అంతకు ముందు నా తలలో ఎంతో గొప్పగా ఉన్న సిద్ధాంతం, బయట గాలి తగలగానే మంచుగడ్డలాగా కారిపోయింది.

“ఇది నీకెవరు చెప్పినారు?” అన్నాడు మేనేజరు.

నేను సారు వైపు చూశాను. ఆసుపత్రిలో నాతో అంత బాగా మాట్లాడిన మనిషి, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

“నేను వేగం గురించి చెప్పినాను సార్. చలి గురించి కాదు. చలికి సెల్లులో పవరు తగ్గి ముల్లు లాగలేకపోతాది, అంతే. చిన్నపిల్లలకి కూడా తెలుస్తాది.”

అది నిజం. చిన్నపిల్లలకు కూడా తెలిసే ఆ నిజాన్ని టీ తాగే రోజు చెప్పి ఉంటే బాగుండేది. ఆయనకూ ఉద్యోగ భయం ఉంటుంది, ఇంట్లో మనుషులు ఉంటారు. అర్థం చేసుకున్నాను. క్షమించాను కూడా. కానీ మర్నాడు నేను షిఫ్టుకు రెండు నిమిషాలు ఆలస్యంగా వస్తే గేటు దగ్గర అందరి ముందు ఆయనే అన్నాడు: “ఏమప్పా, లోపలి టైమా, బయటి టైమా?”

అందరూ నవ్వారు. ఆ మాట ఫ్యాక్టరీలో పాతుకుపోయింది. భోజనానికి ఆలస్యమైనా, జీతం ఆలస్యమైనా, వాన ఆలస్యమైనా నన్ను చూసి అదే. హమాలీలు అన్నారు, లారీ డ్రైవర్లు అన్నారు. నన్ను చూడని వాళ్ళు కూడా అన్నారు. అనని మనిషి ఒక్క భాయే. ఒకసారి నేనే అడిగాను, నువ్వెందుకు అనవని.

“నాకు లోపలి టైము తెలుసబ్బా,” అన్నాడు. “దాంట్లో జోకులుండవు.”

గడియారాన్ని ఫ్రీజరు నుంచి తీసేశారు. బయట తలుపు పక్కన కొత్తది పెట్టారు, గంట కొట్టేది. పాతదాన్ని చెత్తలో వేయబోతే నేను ఇంటికి తెచ్చుకున్నాను. సెల్లు మార్చి అలమరలో పెడితే ఒక్క నిమిషం తేడా లేకుండా నడిచింది. దాన్ని చూస్తే భయం వేసేది. చీకట్లో ఆ టిక్కుటిక్కు వింటే, ముల్లు ఎక్కడ వెనక్కి పడుతుందోనని చెవి రిక్కించేవాణ్ణి. పారేయడానికీ చేతులు రాలేదు.

సారు నాకంటే ఏడాది తర్వాత రిటైరయ్యాడు. ఆ సభకు నన్నూ పిలిచారు. మన దగ్గర రిటైరయ్యేవాడికి ఇచ్చేది గడియారమే కదా, ఇంక టైము చూడక్కర్లేని మనిషికి. నేను ఆ ఆకుపచ్చ అంచు గడియారాన్ని బాగా కడిగి, కొత్త సెల్లు వేసి, మెరుపు కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఆ రోజు తలుపు దాకా వచ్చాడే గానీ ఎన్నడూ ఫ్రీజరులోకి అడుగుపెట్టిన మనిషి కాదు కాబట్టి పోల్చలేదు. చాలా సంతోషించాడు. తిరుపతిలో కొత్తగా కట్టుకున్న ఇంట్లో హాలులో, కుర్చీకి ఎదురుగా తగిలించాడు. దాని ఎదురుగానే కాఫీ, దాని ఎదురుగానే పేపరు. పోయినప్పుడల్లా నాతో అనేవాడు, “నువ్విచ్చింది భలే ఉండాదప్పా, ఒక్క సెకను తేడా రాదు.” నేను వినయంగా తల ఊపేవాణ్ణి. ఏమీ చెప్పకపోవడంలో ఇంత రుచి ఉంటుందని అంతకు ముందు తెలియదు.

మొన్న మే నెలలో నేనూ భాయీ కలిసి ఆయన్ను చూడ్డానికి పోయాం. బయట రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ. సారు భార్య మజ్జిగ తెచ్చింది. భాయ్ ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి. మజ్జిగ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుని గోడ వైపు చూశాడు. ఫ్యాను గాలికి గడియారం కొంచెం కదిలి, వెనక రాగి తీగ ఉంగరం కనబడింది. తన చేతి మెలిక ఆయనకు తెలియకుండా ఉంటుందా. నా వైపు చూశాడు. నేను మజ్జిగలో కరివేపాకు వెతుక్కుంటున్నాను.

భాయ్ గ్లాసు కింద పెట్టాడు. రెండు చేతులూ చంకల్లో దోపుకున్నాడు. మెల్లగా ముందుకు వంగి, భుజాలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

“ఏం భాయ్, ఈ ఎండలో చలా?” అన్నాడు సారు. “ఫ్యాను తగ్గించేదా?”

భాయ్ చేతులు ఇంకా లోపలికి దోపుకున్నాడు. పెదవుల చివర నవ్వు మాత్రం ఆగలేదు. ఇంతకంటే మంచి ముహూర్తం నాకు దొరకదనిపించింది.

“సార్, టైమెంత?” అన్నాను.

ఆయన తల ఎత్తి, గర్వంగా గోడ వైపు చూసి చెప్పాడు.

నేను నా చేతి గడియారం చూసుకున్నాను. రెండూ ఒకటే చూపిస్తున్నాయి. అయినా అడిగాను.

“లోపలి టైమా సార్, బయటి టైమా?”

ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలో ఉండగా కళ్ళు మళ్ళీ గోడ మీదికి పోయాయి. అక్కడి నుంచి చంకల్లో చేతులు పెట్టుకున్న భాయ్ మీదికి వచ్చాయి. మళ్ళీ గోడ మీదికి పోయాయి.

ఆయన భార్య లోపలి నుంచి ఇంకొంచెం మజ్జిగ కావాలా అని అడిగింది.  గోడ మీద ముల్లు ఎక్కడా తడబడకుండా నడుస్తోంది.